మానిన పనికి మళ్ళీ బిస్మిల్లా

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు చెప్పే మాస్టరము. రోజంతా ఉర్దూలోనే మాట్లాడే మమ్మల్ని ఈ పూట తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగే చదువుతున్నారు, సావనీరులో అచ్చు వేస్తే ఇంటిల్లిపాదీ చదువుతారు అన్నారు. సరే అన్నాము. భాషలో తప్పులు దొర్లితే మాస్టరుకు మార్కులు తగ్గించండి గాని, విషయాన్ని మాత్రం మనసు పెట్టి వినండి.

మాకిచ్చిన అంశం "స్త్రీవిద్య". దానిమీద ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ఆడపిల్లను చదివించండి అని చెప్పడం ఇప్పుడు పెద్ద ధైర్యమేమీ కాదు, చదివిస్తూనే ఉన్నాము. చదివించి, ఉద్యోగంలో పెట్టి, పెళ్ళినాడు ఆ ఉద్యోగాన్ని మాన్పిస్తున్నామే, దాని సంగతి చెబుదామని వచ్చినాము. ఇది మా ఇంటి కథ. ఇంటి మాట వేదికమీద చెప్పవచ్చునా అని మా చెల్లెలిని అడిగితే, "నా పేరు చెప్పవద్దు భాయిజాన్, మిగతాదంతా చెప్పండి. మీ తప్పు కూడా చెప్పండి" అన్నది. కాబట్టి ముందు మా తప్పే చెబుతాము.

మా చెల్లెలు మాకంటే ఎనిమిదేండ్లు చిన్నది. జి.ఎన్.ఎం. నర్సింగు చదివి 2007లో రిజిస్ట్రేషను చేయించుకొని, ఒక ఆసుపత్రిలో మూడేండ్లు స్టాఫ్ నర్సుగా పని చేసింది. 2010లో మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు నెమ్మదస్తుడు, బట్టల వ్యాపారం. వాళ్ళ పెద్దలు ఒక్క మాట అడిగినారు: "రాత్రి డ్యూటీలు మా ఇంట్లో కుదరవు, పని మానిపించండి." నాన్నగారు లేరు గనుక జవాబు చెప్పవలసింది మేమే. లోపలికి పోయి ఆ పిల్లను ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అడగలేదు. "దానికేముంది, మానేస్తుంది" అని చాయ్ కప్పు కింద పెట్టకుండానే మాట ఇచ్చేసినాము. మూడేండ్ల చదువు, మూడేండ్ల అనుభవం ఒక చాయ్ తాగేలోపల ముగిసిపోయింది. సర్టిఫికెట్లు ఇనప పెట్టెలో శీతాకాలపు రజాయిల కిందికి పోయినాయి.

కాపురం చక్కగానే సాగింది, ఇద్దరు బిడ్డలు. 2021 మే నెలలో కరోనా రెండవ ఉధృతిలో మా బావమరిది ఆసుపత్రిలో చేరి తిరిగి రాలేదు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసే సిస్టరు ఒకామె రోజూ ఫోను చేసి మా చెల్లెలికి పరిస్థితి చెప్పేది. ఆక్సిజను అంకె ఎంత ఉంది, అన్నం తిన్నాడా, నిద్ర పోయినాడా అని అన్నీ చెప్పేది. చివరి రాత్రి కూడా ఆమే చేసింది.

ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు గడిచినాయి. బంధువులు నలుగురు కూర్చొని, కుట్టు మిషను కొనిద్దామా, ఇంట్లోనే అరబీ పాఠాలు చెప్పిద్దామా అని మాట్లాడుకుంటున్నాము. తలుపు వెనకనుంచి మా చెల్లెలు అన్నది: "భాయిజాన్, నేను మళ్ళీ డ్యూటీకి పోతాను. ఆ సిస్టరు ఫోనులో నాకు ఏమి చేసిందో నాకు తెలుసు. ఆ పని నాకు వచ్చు."

ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన "నర్సు పనా, మన ఇండ్లలో?" అన్నారు. చరిత్ర తెలిసినవారు ఈ మాట అనకూడదు. మదీనాలో మస్జిదే నబవీ ఆవరణలోనే డేరా వేసి గాయపడినవారికి సేవ చేసిన మహిళ రుఫైదా అస్లమియా. కందకం యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్‌ను చూసుకున్నది ఆ డేరాలోనే. ఈ మాట మేము ఆనాడు చెప్పినాము. 2010లోనే చెప్పి ఉండవలసింది.

ఇక అసలు సంగతి. పదకొండేండ్ల తరువాత పనికి పోతానంటే ఆసుపత్రి తలుపు తీసుకొని ఎదురుచూస్తూ ఉంటుందా? ఉండదు. మూడు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

మొదటి మెట్టు కాగితాలు. నర్సు చేతిలో డిప్లొమా ఉంటే చాలదు, కౌన్సిల్ రిజిస్టరులో పేరు సజీవంగా ఉండాలి. ఐదేండ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ ఐదేండ్లలో 150 గంటలు కొత్త సంగతులు నేర్చుకొని ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. పేర్లన్నీ ఇప్పుడు ఆన్‌లైను రిజిస్టరులో ఎక్కిస్తున్నారు, ఒక్కొక్క నర్సుకు ఒక్కొక్క నంబరు. మా చెల్లెలు రిజిస్ట్రేషను చేయించుకున్నది ఉమ్మడి రాష్ట్రంలో. 2014లో రాష్ట్రం రెండయింది, కౌన్సిళ్ళూ రెండయినాయి. దానికితోడు మన ఇండ్లలో అందరికీ ఉన్న జబ్బు ఒకటుంది. సర్టిఫికెట్టులో పేరుకు ముందు షేక్ ఉంటుంది, ఆధారులో పేరు చివర బేగం ఉంటుంది. ఒకచోట నాన్న పేరు, ఇంకొకచోట భర్త పేరు. మనిషి ఒక్కతే, కాగితాలలో ముగ్గురు. ఆ ముగ్గురినీ ఒక్కరిని చేయడానికి నోటరీ అఫిడవిట్లనీ, జిరాక్సులనీ, బస్సు చార్జీలనీ నాలుగు నెలలు పట్టింది. పెండ్లయిన తరువాత రెన్యూవల్ చేయించుకుంటూ వచ్చి ఉంటే ఈ తిరుగుడులో సగం తప్పేది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రెండవ మెట్టు మరచిపోయిన విద్య. ఇక్కడ మాస్టరుకు కూడా పని పడింది. ఒక రాత్రి ఆమె పాత పుస్తకం ముందు పెట్టుకొని ఏడుస్తూ ఉంటే ఏమిటమ్మా అని అడిగినాము. "లెక్క రావడంలేదు" అన్నది. లెక్క అంటే మాకు ధైర్యం వచ్చింది. చాపమీద కూర్చున్నాము.

500 మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటలలో ఎక్కాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు? ఆమె 500ను నాలుగుతో భాగించి 125 అన్నది. అది గంటకు ఎక్కవలసిన మిల్లీలీటర్లు. పసిబిడ్డలకు వాడే చిన్న చుక్కల సెట్టుకు, అంటే మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే సెట్టుకు, నిమిషానికి చుక్కలూ అంతే అవుతాయి. పెద్దవారికి మామూలుగా వాడే సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలే. 500ను 20తో గుణిస్తే పదివేల చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 42 చుక్కలు. 42 పెట్టవలసినచోట 125 పెడితే నాలుగు గంటల సెలైను 80 నిమిషాలలో ఒంట్లోకి పోతుంది. గుండె బలహీనంగా ఉన్న ముసలాయన అయితే ఊపిరి అందక కొట్టుకుంటాడు. మా పాఠశాలలో లెక్క తప్పితే ఒక మార్కు పోతుంది, వార్డులో తప్పితే మనిషే పోతాడు. ఇరవై ఏండ్లుగా లెక్కలు చెబుతున్నాము గాని, లెక్క అంటే ఏమిటో ఆ రాత్రి మా చెల్లెలి దగ్గర నేర్చుకున్నాము.

ఇన్సులిను సంగతీ అంతే. మన దేశంలో బుడ్డీలో వచ్చే ఇన్సులిను సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ రంగు మూత సిరంజి 100 యూనిట్ల ఇన్సులినుకు. తొందరలో ఈ బుడ్డీకి ఆ సిరంజి తీసుకొని 20 గీతవరకు లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. ఈ సభలో షుగరు ఉన్నవారు చాలామంది ఉన్నారు, ఇంటికి పోయి మూత రంగు చూసుకోండి.

ఆమె లేని పదకొండేండ్లలో వార్డూ మారింది. గుండె ఆగినవారికి ముందు ఊపిరి ఊది, తరువాత ఛాతీ నొక్కాలని ఆమె చదువుకున్నది. ఆమె పని మానిన 2010లోనే ఆ వరస మారి, ముందు ఛాతీ నొక్కడం వచ్చింది. ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. 2016లో ఆసుపత్రి చెత్తకు కొత్త నియమాలు వచ్చినాయి. రక్తం అంటిన దూదికి పసుపు సంచి, ప్లాస్టిక్ గొట్టాలకు ఎరుపు, సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం. అన్నీ ఒక నోటుబుక్కులో వ్రాసుకొని, మా అన్నదమ్ముల పిల్లలు పబ్లిక్ పరీక్షకు కంఠస్థం చేసినట్టు చేసింది. పిల్లలే ప్రశ్నలు అడిగేవారు, మేనత్త జవాబు చెప్పేది.

మూడవ మెట్టు అన్నిటికంటే ఎత్తయినది, మనిషి అహంకారం. 2022లో ఆమెను తీసుకున్న నర్సింగు హోమువారు ఆరు నెలలు ట్రైనీగా చేయమన్నారు. జీతం కొత్తగా చదువు ముగించి వచ్చిన పిల్లలకంటే తక్కువ. అంతకుముందు ఇంకొకచోట "ఇంత గ్యాప్ ఉంటే ఎలా?" అని కాగితాలు చూడకుండానే పంపించివేసినారు. ట్రైనీగా ఆమెకు పని నేర్పింది ఇరవైనాలుగేండ్ల పిల్ల. ఇన్‌ఫ్యూజన్ పంపు మీటలు, మానిటరుమీద గీతలు, కంప్యూటరులో కేసు షీటు, అన్నీ ఆ పిల్లే చూపించింది. "నేను మొదటి ఇంజెక్షను ఇచ్చేనాటికి అది పలక పట్టుకొని బడికి పోతూ ఉంటుంది భాయిజాన్" అని మొదటి వారం మా దగ్గర బాధపడింది. రెండవ నెలలో ఒక ముసలమ్మకు నరం దొరకక ఆ పిల్ల చేతులు వణుకుతూ ఉంటే, మా చెల్లెలు కండ్లతో వెతకకుండా వేలితో తడిమి క్యాన్యులా పెట్టింది. ముసలమ్మతో మన భాషలో నాలుగు మాటలు మాట్లాడి ఏడుపు మాన్పింది. ఆనాటినుంచి ఆ పిల్ల "అక్కా, ఇది ఎట్లా?" అని అడగడం మొదలుపెట్టింది. పదకొండేండ్లలో మరచిపోయిన విద్య కొంత ఉన్నా, చేతివేళ్ళు మరచిపోనిది కొంత ఉంది. బిడ్డలను పెంచి, అత్తమామలను చూసుకొని, భర్తను పోగొట్టుకున్న మనిషికి రోగి బాధ ఇంకొంచెం ఎక్కువే తెలుసు.

మరి రాత్రి డ్యూటీలో ఆమె పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? మా ఇంట్లో. మా ఇంటావిడ మొదటిరోజే ఒక షరతు పెట్టింది: "మీ చెల్లెలు పనికి పోవాలి, మీ అమ్మకు మందులివ్వాలి, నలుగురు పిల్లలకు డబ్బాలు కట్టాలి. నేనొక్కదాన్నే అయితే కాదు." న్యాయమే. ఫజర్ నమాజు తరువాత చపాతీ పిండి కలిపే పని మాకు పడింది. మా చపాతీలు ఇప్పటికీ గుండ్రంగా రావు, లెక్కల మాస్టరుకు వృత్తం గీయడం రాదని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. 2010లో చాయ్ తాగుతూ ఇచ్చిన మాటకు ఇది మా కఫ్ఫారా.

ఇప్పుడు ఆమె ఆ నర్సింగు హోములోనే స్టాఫ్ నర్సు. ధనవంతురాలు కాలేదు. కాళ్ళు వాస్తాయి, పండుగనాడు డ్యూటీ పడుతుంది. కానీ బిడ్డల ఫీజుకు ఎవరి ముందూ నిలబడదు. ఆమె రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు రోగి ఇంటివారికి తానే ఫోను చేసి చెబుతుందట, అన్నం తిన్నాడు, నిద్ర పోయినాడు అని.

సోదరులారా, మన వీధులలో రజాయిల కింద సర్టిఫికెట్లు పెట్టుకున్న చెల్లెళ్ళు ఇంకా ఉన్నారు. సంఘం ఏమి చేయవచ్చునో చెప్పి ముగిస్తాము. వారి పట్టిక ఒకటి వ్రాయించండి. ఏడాదికొకసారి నోటరీని, కంప్యూటరు తెలిసిన పిల్లవాడిని కూర్చోబెట్టి, పేర్ల తప్పులు దిద్దించి, రెన్యూవల్ దరఖాస్తులు పెట్టించండి. రిటైరైన హెడ్ నర్సు ఎవరైనా దొరికితే ఆదివారం ఆమెచేత పాఠం చెప్పించండి, లెక్కలు చెప్పడానికి మేము సిద్ధం, ఫీజు లేదు. ట్రైనీగా ఉండే ఆ ఆరు నెలలకు ఖర్జె హసనా ఇవ్వండి. జీతం వచ్చినాక తిరిగి ఇచ్చేస్తారు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. పెండ్లికి పని మానవలసి వస్తే వచ్చింది, రిజిస్ట్రేషను మాత్రం మాననివ్వకండి. అది ఒంటిమీది బంగారం కంటే ఆపదలో అక్కరకు వస్తుంది. రెండవది, "పని మానిపించండి" అని ఎవరైనా అడిగితే, చాయ్ కప్పు కింద పెట్టి, లేచి లోపలికి పోయి ఆ పిల్లను అడిగి రండి. మేము ఆనాడు అడగలేదు. మీరు అడగండి.