పిడికెడు బియ్యం



విలియం బౌడెన్ రాళ్లు చెక్కే తాపీ పనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇంగ్లండులోని డెవన్ నుంచి 1836లో మన తీరానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త చెప్పారు. వాళ్లకు నెల జీతమిచ్చే సంస్థంటూ ఏదీ లేదు. రేపటి తిండికి దేవుడిదే పూచీ అనుకుని, భార్యలతో సహా ఊరుగాని ఊళ్లో నిలబడ్డారు.

అంత సాహసం అందరికీ సాధ్యం కాదు, అక్కర్లేదు కూడా. మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు సంఘాల్లో పెద్దమ్మలను చూడండి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఓ పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఇంట్లో అందరికీ చాలుతుందో లేదో తేలకముందే తీసే పిడికెడు అది. ఆదివారం గుడికి తెస్తే సన్నబియ్యం, రేషన్ బియ్యం ఒకే గంపలో కలిసిపోతాయి. ఎవరిదెంతో ఎవరికీ తెలియదు. మైకులో దాతల పేర్లు చదివించడం కంటే నాకిదే నచ్చుతుంది.

విశ్వాసమంటే చేతులు ముడుచుకు కూర్చోవడమని కొందరంటారు. కొల్లేటి లంకల్లో అడిగి చూడండి. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లన్నీ అక్కడికే. అవి సముద్రంలో కలవడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు వరదల్లోనూ లంక ఊళ్ల దారులు మునిగాయి. అలాంటప్పుడు ప్రార్థన చేసుకున్న ఇంట్లోనే బియ్యం బస్తాలు అటకెక్కుతాయి, పడవ తాడు బిగుస్తుంది. పొరుగాయన ఏ దేవుడికి మొక్కుతాడని అడక్కుండా ఆయన మేకల్నీ పడవెక్కిస్తారు.