కొబ్బరిచిప్పల త్రాసు

(గత ఆదివారము యానాములో, మన సంఘ మందిరమున చలనచిత్ర ప్రదర్శనానంతరము చేసిన ప్రసంగము)



మీరందఱు రెండు గంటలకు పైగా సముద్రముమీద నుండి, ఇప్పుడే ఒడ్డున దిగినారు. కొందఱికి ఇంకను నేల ఊగుచున్నట్లే యుండును. కావున మిమ్ము ఎక్కువసేపు నిలుపము. ఈ చిత్రమును ఎంచిన పూచీ మాది గనుక, ఏల ఎంచితిమో నాలుగు మాటలు చెప్పి ముగింతుము.

మనము చూచిన 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ' 1935వ సంవత్సరమున హాలీవుడ్డులో మెట్రో గోల్డ్విన్ మేయరు సంస్థవారు తీసినది. దర్శకుడు ఫ్రాంక్ లాయడు. ఆ యేటి ఉత్తమ చిత్రముగా ఆస్కారు బహుమానము నందినది. ఇందు నటించిన చార్లెస్ లాటన్, క్లార్క్ గేబుల్, ఫ్రాంచట్ టోన్ ముగ్గురును ఉత్తమ నటుని బహుమానమునకు పోటీలో నిలిచిరి. ముగ్గురిలో ఎవ్వరికిని అది దక్కలేదు. ఇదే కథను 1962లో రంగులలో మఱల తీసిరి. మేము కావలెననియే పాతదానిని తెప్పించితిమి. రంగులు లేవని గొణిగిన పిల్లలు, ఓడ లంగరెత్తి తెరచాపలు విప్పినంతనే బల్లల అంచులకు జరిగి కూర్చుండిరి. కళాసీలు కొయ్యలపైకి ప్రాకునప్పుడు పెద్దలును తలలెత్తి చూచిరి. ఇంగ్లీషు ఒక్క ముక్కయు తెలియని వృద్ధురాలొకరు, కప్తాను బ్లై వేషమున లాటన్ పెదవి బిగించి చూచిన చూపునకే, "ఇంత అనుమానపువాని చేతి అన్నము అరుగదు" అనిరి. చిత్రసారమంతయు ఆమె ఒక్క మాటలో చెప్పినారు.

అయినను వినోదమునకై తీసిన కథను చరిత్ర యని నమ్మరాదు. నీరడిగిన నావికుని త్రాటితో కట్టి ఓడ యడుగుగుండ ఈడ్పించిన ఘట్టమునకు మనమందఱము ఉలికిపడితిమి. నిజమైన బౌంటీ ఓడపై అట్టి శిక్ష జరుగలేదు. తిరుగుబాటుదారులను పట్టుటకు పండోరా ఓడపై బ్లైయే వచ్చినట్లు చూపినారు. వచ్చినది ఎడ్వర్డ్సు అను వేఱొక కప్తాను.

జరిగిన కథ యిది. వెస్టిండీసు తోటలలోని బానిసలకు చవుకగా తిండి దొరకుటకై, తాహితి దీవినుండి సీమపనస మొక్కలను కొనిపోవుటకు బౌంటీ 1787 డిసెంబరున ఇంగ్లండు విడిచెను. వేయికి పైగా మొక్కలను ఎక్కించుకొని తిరిగి బయలుదేరిన పిమ్మట, 1789 ఏప్రిలు 28వ తేదీన తిరుగుబాటు జరిగెను. ఆ యేడే డిసెంబరున మన ప్రక్కనున్న కోరంగి రేవును ఉప్పెన ముంచెను.

తిరుగుబాటునకు ముందటిదినము కప్తానుకును, అతని క్రింది అధికారియైన క్రిస్టియనుకును తగవు దేనిమీద వచ్చెనో ఎఱుగుదురా? కొబ్బరికాయలమీద! తన కాయల రాశి తగ్గినదని, అందఱి యెదుట క్రిస్టియనును దొంగ యనెను. తెల్లవాఱునప్పటికి ఓడ చేజాఱెను.

మేము కొబ్బరికాయల వర్తకులము. ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. కొన్ని యేండ్ల క్రిందట మా కొట్టులో లెక్కకు నూఱు కాయలు తగ్గినవి. కాయలు ఎంచు కుఱ్ఱవానిని బేరగాండ్ర యెదుటనే దొంగ యంటిమి. అతడు బదులాడక, భుజముమీది తువ్వాలు దులుపుకొని వెడలిపోయెను. మూడు దినములకు చిట్టా తిరుగవేయగా, దిగిన సరకును వ్రాయుటలో పొరపాటు మాదేయని తేలినది. తప్పు తెలియుటకు మూడు దినములు చాలినవి. ఒప్పుకొనుటకు రెండేండ్లు పట్టినది. ఈలోపల అతని తండ్రి మన సంఘమునకు వచ్చుట మానుకొనెను. ఎందులకని మీలో పలువురు మమ్ము అడిగినారు. తెలియదంటిమి. అది రెండవ తప్పు.

గత సంవత్సరము ఇంట ఈ చిత్రమును చూచి, ఆ రాత్రి నిదుర రాక, మఱునాడు వారి గడప యెక్కితిమి. ఆ కుఱ్ఱవాడు, "లెక్క సరిపోయినదా అండీ?" అని మాత్రమే అడిగెను. మఱల మా కొట్టునకు రాలేదు. రమ్మనుటకు మాకు నోరాడలేదు. కాని నలుగురి యెదుట అన్న మాటను నలుగురి యెదుటనే వెనుకకు తీసికొనవలెను గదా. ఆ పని ఈ సభలో చేయుచున్నాము. అతడు దొంగ కాడు. తప్పు మాది.

బ్లై కథ అంతటితో ముగియలేదు. తిరుగుబాటుదారులు అతనిని, పదునెనిమిదిమంది తోడివారితో 23 అడుగుల పడవలో సముద్రముపై విడిచిరి. టోఫువా దీవిలో ఒకడు అక్కడివారి చేత హతుడయ్యెను. తక్కినవారినందఱిని బ్లై 47 దినములలో, సుమారు 3,600 నాటికల్ మైళ్లు దాటించి, టీమోరు దీవికి సజీవులుగా చేర్చెను. ఎట్లనగా, రెండు కొబ్బరిచిప్పలతో త్రాసు చేసి, తుపాకిగుండును తూనికఱాయిగా పెట్టి, రొట్టెను తూచి పంచెను. ఒక్కొక్క వంతు పౌనులో ఇరువదియైదవ భాగము. అనగా మన లెక్కకు 18 గ్రాములు. కప్తానుకును అంతే, కళాసీకిని అంతే. పెద్ద ఓడలో కొబ్బరికాయలకై అనుమానపడి అధికారము పోగొట్టుకొన్నవాడే, చిన్న పడవలో కొబ్బరిచిప్పలతో సరిగా తూచి పదునేడుగురి ప్రాణములు నిలిపెను. మనిషి అతడే, మాఱినది త్రాసు.

మనవంటి చిన్న సంఘములు పెద్ద ఓడలు కావు, అట్టి పడవలే. ఒకడు అలిగి దిగిపోయినను మనకు వెలితియే. కావున చందాల లెక్కలోనేమి, వేదికమీది కుర్చీలలోనేమి, ఒకరినొకరు అను మాటలోనేమి, ముందు తూచి పిదప పలుకుదము.

వచ్చు నెలలో మఱియొక సముద్రచిత్రమును చూపవలెనని పిల్లలు కోరుచున్నారు. తప్పక చూపుదుము. ఆనాటికి ముందు వరుసలో ఒక కుర్చీ ఆ కుఱ్ఱవాని తండ్రిగారికై ఉంచుదుము. పిలుచుటకు మేమే వారి యింటికి పోవుదుము.

సెలవు.