మరునాడు మనకోసం ఎవరొస్తారు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పెన్షన్ లెక్కలు అందరూ చెబుతున్నారు, మీరు సినిమాల గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. సరేనన్నాను. నేను ఎంచుకున్న విషయం విని మా ఆవిడ, "పండగలాంటి సభలో అణుబాంబు గొడవెందుకండీ?" అంది. ఎందుకో పది నిమిషాలు ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

అణుయుద్ధం తర్వాత లోకం ఎలా ఉంటుందో ఊహించిన తెలుగు సినిమా అంటే నాకు ముందు గుర్తొచ్చేది 'ఆదిత్య 369'. 1991 జూలైలో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వం, బాలకృష్ణగారు కథానాయకుడు. మీలో చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని చూసే ఉంటారు. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్లడం అందరికీ గుర్తే. ఆ తర్వాత అదే యంత్రం 2504వ సంవత్సరానికి వెళుతుంది. అప్పటికి మూడో ప్రపంచయుద్ధం జరిగిపోయింది. నేలమీద రేడియేషన్. మనుషులు భూగర్భంలో కాపురాలు ఉంటున్నారు.

గాజువాకలో ఆ సినిమా చూసి వస్తుంటే, స్కూటర్ ముందు నిలబడ్డ మా ఆరేళ్ల అబ్బాయి అడిగాడు: "నాన్నా, భూమి కింద ఉన్నవాళ్లకి అన్నం ఎక్కడిది?" నవ్వి ఊరుకున్నాను. అది వినోదం కోసం తీసిన సినిమా, అందరం ఆనందించాం. పిల్లవాడి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు చాలా ఏళ్ల తర్వాత మరో సినిమాలో దొరికింది. చూపించింది కూడా అదే అబ్బాయి, తన కంప్యూటర్‌లో. పేరు 'థ్రెడ్స్', అంటే దారాలు. 1984 సెప్టెంబరులో బీబీసీ టెలివిజన్‌లో వచ్చింది. రచన బారీ హైన్స్, దర్శకుడు మిక్ జాక్సన్. కథ జరిగేది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో. అది కూడా మనలాగే ఉక్కు నగరం. అందుకే కాబోలు, ఇంకెవరికీ తగలనంతగా నాకు తగిలింది.

సాలెపురుగు గూడు అల్లుకోవడంతో సినిమా మొదలవుతుంది. ఊరంటే ఒకరికొకరు కట్టుకున్న దారాలేనని మొదట్లోనే చెబుతారు. పెళ్లి చేసుకోబోయే ఒక జంట, వాళ్ల ఇళ్లలో మామూలు ముచ్చట్లు. తర్వాత బాంబు పడుతుంది. కానీ అసలు కథ ఆ తర్వాతే. అత్యవసర పరిస్థితి చూసుకోవలసిన అధికారులు టౌన్ హాలు కింద నేలమాళిగలో చిక్కుకుని అక్కడే చనిపోతారు. నీళ్లు లేవు, మందులు లేవు. పొగ కమ్మి ఎండ తగ్గిపోతుంది, పంటలు పండవు. డబ్బుకు విలువ ఉండదు, తిండే కూలి. పని చేయగలిగినవారికి ఎక్కువ, చేయలేనివారికి తక్కువ. పెన్షనర్ల సంగతి వేరే చెప్పాలా? పదమూడేళ్ల తర్వాత, అప్పుడు పెరిగిన పిల్లలకు మాట కూడా సరిగా రాదు. నేర్పేవాళ్లు ఉంటే కదా!

మనలో కోక్ ఓవెన్స్‌లో పని చేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. బ్యాటరీని వేడి చేశాక ఇక చల్లారనివ్వకూడదు. ఉత్పత్తి లేకపోయినా, సమ్మె జరిగినా వేడి నిలపాలి. చల్లారిందా, లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. మళ్లీ నిప్పు రాజేసినంత మాత్రాన అది పాత బ్యాటరీ కాదు. నా సర్వీసంతా ఆ వేడి కాపాడుతూనే గడిచింది. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది. ఊరు కూడా అలాంటిదే. మంచినీళ్లు, కరెంటు, ఆసుపత్రి, బడి, రేషను ఇవన్నీ రాత్రింబవళ్లు ఎవరో ఒకరు వేడి తగ్గకుండా చూస్తుంటేనే నడుస్తాయి.

మన ఊరికి యుద్ధం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖ మీద బాంబులు వేశాయి. మా నాన్నగారు చెప్పేవారు: జనం మూటాముల్లె సర్దుకుని, దొరికిన బండి ఎక్కి పల్లెలకు పోయారట. 1971 డిసెంబరులో నాకు పద్దెనిమిదేళ్లు. కిటికీలకు నల్లకాగితాలు అంటించి చీకట్లో కూర్చున్నాం. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని తర్వాత తెలిసింది. ఆ రెండుసార్లూ పారిపోవడానికి పల్లెలు ఉన్నాయి. తెల్లారితే పాలవాడు వచ్చాడు.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. మీరందరూ చూసినదే. గంటకు 180 కిలోమీటర్ల గాలి. కైలాసగిరి మీద చెట్లు పోయాయి, విమానాశ్రయం పైకప్పు పోయింది, ఫోన్లు మూగబోయాయి. మా ఆవిడకు షుగరు, రోజూ ఇన్సులిన్ పడాలి. ఫ్రిజ్ ఆగిపోయింది. కుండలో నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, లోపల చిన్న గిన్నెలో సీసాలు పెట్టాం. రోజుకు నాలుగుసార్లు గుడ్డ తడపడం నా డ్యూటీ. మూడో రోజుకు ఒక్క సీసా మిగిలింది. మందుల దుకాణాలు మూసి ఉన్నాయి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఎనిమిదో రోజున మా వీధిలో స్తంభం ఎక్కాడొక కుర్రాడు. "ఏ ఊరు బాబూ?" అని అడిగితే, "మాది గోదారి జిల్లా అండీ" అన్నాడు. అతనికి మజ్జిగ ఇస్తుంటే మా ఆవిడ కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఈలోగా నాలుగో రోజున మందు కూడా బయటి ఊరి నుంచే వచ్చింది, మా తమ్ముడు మోటారు సైకిలు మీద తెచ్చాడు. ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి మనుషులు, స్తంభాలు, తీగలు వచ్చాయి కాబట్టే విశాఖ మళ్లీ లేచి నిలబడింది.

నేను చెప్పదలచినది ఇదే. తుఫానుకు ఒక 'బయట' ఉంటుంది. అక్కడి నుంచి ఎవరో ఒకరు వస్తారు. అణుయుద్ధానికి బయట ఉండదు. గోదారి జిల్లా కుర్రాడికి తన ఊరే ఉండదు, మా తమ్ముడికి తెచ్చే మందూ ఉండదు. సినిమాల్లో ఆ పెద్ద మంటకన్నా నన్ను భయపెట్టింది ఆ ఎవరూ రాని మరునాడే.

ఇలాంటి సినిమాల వల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. 1983 నవంబరు 20న అమెరికాలో 'ది డే ఆఫ్టర్' టెలివిజన్‌లో వస్తే సుమారు 10 కోట్ల మంది చూశారు. అధ్యక్షుడు రీగన్ ముందుగానే చూసి, అది తనను ఎంతో కుంగదీసిందని డైరీలో రాసుకున్నారు. 1987 డిసెంబరులో ఆయన, గోర్బచేవ్ కలిసి మధ్యశ్రేణి క్షిపణులను తొలగించే ఒప్పందం మీద సంతకాలు చేశారు. సినిమా వల్లే జరిగిందని నేననను. ఆ ఒప్పందం 2019లో ముగిసిపోయింది కూడా. కానీ సంతకం పెట్టే చేతికి మరునాడు ఎలా ఉంటుందో తెలిసి ఉండడం మంచిదే కదా.

మన దేశానికీ అణ్వాయుధాలున్నాయి. అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న మన విశాఖలోనే జలప్రవేశం చేసింది. ముందుగా మనం అణ్వస్త్రం వాడబోమని 2003లో ప్రభుత్వం ప్రకటించింది. దేశరక్షణ నిపుణుల పని, అందులో నేను వేలు పెట్టను. నా బాధ వేరు. ఇళ్లలో టీవీ ముందు కూర్చుని, "ఒక్క బాంబు వేసేస్తే సరిపోతుంది" అని కాఫీ తాగినంత తేలిగ్గా అనేస్తున్నాం. మనవలు వింటున్నారు. ఆ మాట మన ఇంట్లో వచ్చినప్పుడు, కుండలో ఇన్సులిన్ దాచినవాళ్లం, వేడి చల్లారకుండా కాపాడినవాళ్లం మనమైనా, "అలా అనకు బాబూ" అనాలి.

'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. మా అబ్బాయి తన కూతుర్ని తీసుకువెళ్లాడు, నేనూ వెళ్లాను. ఇంటికి వచ్చాక ఆ పిల్ల నన్ను అడిగింది, "తాతా, వాళ్లకి అన్నం ఎవరు పెడతారు?" అని. మా అబ్బాయి నా వైపు చూశాడు. ఈసారి నేను నవ్వలేదు. "ఎవరూ పెట్టరమ్మా. అందుకే అంతదాకా రానివ్వకూడదు" అన్నాను.