అలుపును పసిగట్టే యంత్రం: ఖర్చు ఎవరిది, కునుకు ఎవరిది?



వాడిపట్టి పక్కగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై అర్ధరాత్రి దాటాక లారీ నడుపుతున్న మనిషికి కునుకు పడితే, అది రెండు మూడు క్షణాల పాటే ఉంటుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్లలో 58 మీటర్లు దాటుతుంది. తెలుగులో అలుపు, తమిళంలో అలుప్పు; మాటలు చుట్టాలే. అలుపు ఒంటిది, కునుకు కంటిది. యంత్రం కనిపెట్టగలిగేది రెండవదాన్నే.

అటువంటి యంత్రం కొత్తదేమీ కాదు. రైలింజనులో డ్రైవరు నిమిషం పాటు ఏ మీటనూ కదపకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత గంట మోగుతుంది. అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. లారీలకు వస్తున్నది కెమెరా. రెప్పలు ఎంతసేపు మూతపడుతున్నాయో కొలిచి హెచ్చరిస్తుంది. ఇదే 44వ రహదారి మీదనున్న నాగపూరులో 2021లో నగరపాలక సంస్థ, పరిశోధనా సంస్థలు, ప్రైవేటు కంపెనీలు కలిసి సిటీ బస్సులకు ప్రమాద హెచ్చరిక పరికరాలు అమర్చే ప్రయోగం చేపట్టాయి. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ అది వచ్చింది. పెద్ద సంస్థ కనుక ప్రయోగానికి తోడు దొరికింది. ఒక్క లారీ గల యజమానికి ఎవరు తోడు? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అన్నది. కానీ ఐదుగురి కంటే తక్కువ మంది పనిచేసే చోట అది వర్తించేది కాదు. చట్టం అందని చోటికి నిధి అయినా అందాలి.

నూలు మిల్లుల సంగతి వేరు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువారిలో మిల్లు పెట్టినవారూ ఉన్నారు, రింగు ఫ్రేముల నడుమ షిఫ్టంతా నడిచి తెగిన పోగులు అతికేవారూ ఉన్నారు. 1999లో కేంద్రం జౌళి పరిశ్రమకు సాంకేతిక ఉన్నతీకరణ నిధి ఏర్పాటు చేసింది. దానితో వేగంగా తిరిగే కదుళ్లు వచ్చాయి. కదురు వేగం పెరిగితే దాని వెంట నడిచే కాలి సంగతి ఏమిటన్నది ఆ పథకం పట్టించుకోలేదు. 2023 ఏప్రిల్‌లో పన్నెండు గంటల పనికి వీలిచ్చే బిల్లును తమిళనాడు శాసనసభ ఆమోదించినప్పుడు కార్మికులు మండిపడ్డారు. మే 1న ముఖ్యమంత్రి దానిని ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కార్మిక పరిహార సంస్థ ఒక పద్ధతి నడుపుతోంది. భద్రతా పరికరానికి యజమాని ఒక డాలరు పెడితే సంస్థ మూడు డాలర్లు కలుపుతుంది, 40,000 డాలర్ల వరకు. ఇటువంటి సాయం ఇక్కడ వస్తే ఆహ్వానించవలసిందే, అయితే షరతుతో. కెమెరా పట్టిన కునుకు జీతం కోతకు ఆధారం కారాదు. ఆ లెక్క డ్యూటీ పట్టికను మార్చడానికి ఉపయోగపడాలి. వరుసగా మూడు రాత్రులు బండెక్కించి, నాలుగవ రాత్రి రెప్ప వాలిందని మందలించడానికైతే ప్రజాధనం ఎందుకు?

ఇంకొక మాట. 2021లో తమిళనాడు దుకాణాల చట్టాన్ని సవరించి, అమ్మకం పనివారికి కూర్చునే వసతి ఉండాలన్నది. అలుపును ఆపే సాధనాల్లో ముక్కాలిపీట కంటే చవకైనది లేదు, దానికి ఏ నిధీ అక్కరలేదు. బట్టల కొట్లలో పనిచేసే ఆడవారు ఈ సవరణను యజమానికి గుర్తు చేయవచ్చు.

చివరగా సమ్మతి పత్రం. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల్లో ఇంట మాట తెలుగు, బడి చదువు తమిళం. నిన్నమొన్న ఆంధ్రం నుంచి వచ్చినవారికి తమిళ లిపి రాదు. కనుక కెమెరా బిగించే ముందు ఆ పత్రం రెండు భాషల్లోనూ ఉండాలి, సంతకానికి ముందు పైకి చదివి వినిపించాలి. బండిలో మోగే హెచ్చరిక కూడా డ్రైవరుకు నిద్రమత్తులో తెలిసే భాషలోనే పలకాలి.