పావలా కోడికి ముప్పావలా మసాలా: ఫారిన్ పార్శిల్‌లో మన డబ్బు ఎక్కడ పోతోంది?

ఈ ఎపిసోడ్ బందరు, గుడివాడ, దివిసీమ వైపు వాళ్ళకి బాగా పనికొస్తుంది. మన దగ్గర ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఇక్కణ్ణుంచి వాళ్ళకి ఆవకాయ వెళ్తుంది, పెడన కలంకారీ చీర వెళ్తుంది. అక్కణ్ణుంచి మనకి హెడ్‌ఫోనో, షూనో, కెమెరా లెన్సో వస్తుంది. వస్తువు రేటు చూసి చవకే కదా అనుకుంటాం. చివరికి కొరియరు, కస్టమ్స్ కలిపి చూస్తే పావలా కోడికి ముప్పావలా మసాలా అయి కూర్చుంటుంది.

కస్టమ్స్ ఖర్చు తగ్గించుకోవడం మన బందరుకి కొత్తేమీ కాదు. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచే కలంకారీ బట్టలు పర్షియాకి, యూరప్‌కి వెళ్ళేవి. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1611లో ఇక్కడ దిగారు. 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర ఒక ఫర్మానా తెచ్చుకున్నారు. దాన్నే బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 పగోడాలు సుంకం కట్టి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు అన్నది దాని సారాంశం. అంటే సరుకు ఓడ ఎక్కకముందే సుంకం ఎంతో తేల్చుకున్నారు. మనకి ఫర్మానా ఎవరూ ఇవ్వరు గానీ, ముందే లెక్క తేల్చుకునే పని మాత్రం మనమూ చేయొచ్చు.

ముందు మనకి వచ్చే పార్శిల్ సంగతి చూద్దాం.

చాలామంది అనుకునేది ఏంటంటే, చిన్న వస్తువైతే డ్యూటీ ఉండదు, గిఫ్ట్ అని రాయిస్తే అసలే ఉండదు అని. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు గిఫ్ట్‌కి మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో డీజీఎఫ్‌టీ దాన్ని తీసేసింది. ఇప్పుడు పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా వచ్చేవి రెండే: ప్రాణాలు కాపాడే మందులు, రాఖీ. రాఖీతో పాటు పంపే బహుమతికి కూడా మినహాయింపు లేదు. మిగతా గిఫ్ట్‌లు రావచ్చు, కానీ డ్యూటీ పూర్తిగా కట్టాలి. కాబట్టి అక్కడున్న అన్నయ్యతో "గిఫ్ట్ అని రాసెయ్ అన్నయ్యా" అంటే మిగిలేది ఏమీ లేదు.

మరి డ్యూటీ ఎలా లెక్కేస్తారు? వస్తువు ధర ఒక్కటే చూడరు. ధర, రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ మూడూ కలుపుతారు. దాని మీద బేసిక్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద సర్‌చార్జి, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ. మెట్టు మీద మెట్టు అన్నమాట.

ఒక లెక్క వేద్దాం. రేట్లు వస్తువుని బట్టి మారతాయి, ఇవి కేవలం అర్థం కావడానికి. వస్తువు 10,000 రూపాయలు, కొరియర్ 2,000 అనుకోండి. ఇన్సూరెన్స్ పక్కన పెడదాం. మొత్తం 12,000. బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుంటే 1,200. దాని మీద 10 శాతం సర్‌చార్జి 120. ఇప్పటికి 13,320 అయింది. దీని మీద ఐజీఎస్టీ 18 శాతం అంటే దాదాపు 2,398. చివరికి మీ చేతికి వచ్చేసరికి 15,718 రూపాయలు.

ఇప్పుడు అదే వస్తువుకి కొరియర్ 2,000 బదులు 1,000 అయ్యే దారి దొరికిందనుకోండి. ఇదే లెక్క వేస్తే చివరికి 14,408 వస్తుంది. చూశారా? షిప్పింగ్‌లో తగ్గింది 1,000, మీకు మిగిలింది 1,310. షిప్పింగ్ మీద కూడా డ్యూటీ పడుతుంది కాబట్టి అక్కడ తగ్గే ప్రతి రూపాయికీ ఇంకో పావలా పైన కలిసొస్తుంది. అందుకే బేరం ఆడాల్సిన చోటు షిప్పింగ్. విమానంలో వచ్చేవాటికి ఇలా కలిపే రవాణా ఖర్చు వస్తువు విలువలో 20 శాతం మించకూడదని రూలు కూడా ఉంది. మీ బిల్లులో అంతకంటే ఎక్కువ కలిపారేమో చూసుకోండి.

షిప్పింగ్ ఎలా తగ్గుతుంది? మొదటిది, తొందర లేకపోతే ఎక్స్‌ప్రెస్ వద్దు. ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కొరియర్ వాళ్ళు మీ తరఫున డ్యూటీ ముందు కట్టేసి, ఆ పనికి విడిగా చార్జీ వేస్తారు. డ్యూటీ 300 రూపాయలైనా సరే ఆ చార్జీ పడుతుంది. పోస్టులో వస్తే ఫారిన్ పోస్టాఫీసులో కస్టమ్స్ చూసి డ్యూటీ వేస్తారు, పార్శిల్ ఇచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్ వసూలు చేస్తాడు. నాలుగు రోజులు ఆలస్యం అవుతుంది, కానీ చిన్న వస్తువులకి తరచూ అదే చవక.

రెండోది, కలిపి ఆర్డర్ పెట్టడం. కొరియర్ రేట్లలో మొదటి అరకేజీయే ఖరీదు, ఆ తర్వాత అరకేజీలు తక్కువలో పోతాయి. నలుగురు ఫ్రెండ్స్ నాలుగు పార్శిళ్ళు తెప్పించుకుంటే నాలుగు మొదటి అరకేజీల డబ్బు కడుతున్నారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఒకే వస్తువు పది పదిహేను తెప్పిస్తే అది సొంత వాడకం అనిపించుకోదు, వ్యాపారం అంటారు. అప్పుడు ఐఈసీ, అంటే ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ అడుగుతారు. సొంతానికి తెప్పించుకునేవాటికి ఆ కోడ్ అక్కర్లేదు, కేవైసీకి ఆధార్ లాంటిది ఇస్తే చాలు.

మూడోది, ఆర్డర్ పెట్టేముందు ఆ వస్తువు అసలు రావచ్చా అని చూసుకోండి. కైకలూరు, గుడివాడ వైపు చెరువుల మీద ఎగరేద్దామనో, పెళ్ళి వీడియోలు తీద్దామనో డ్రోన్ ఆర్డర్ పెడతారు. 2022 ఫిబ్రవరి నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. ఈ-సిగరెట్లు, వేప్‌లు 2019 చట్టంతో పూర్తిగా బంద్. ఇలాంటివి కస్టమ్స్‌లో ఆగితే డ్యూటీ కడతానన్నా ఇవ్వరు. వస్తువూ పోతుంది, డబ్బూ పోతుంది.

విలువ తక్కువ రాయించడం గురించి కూడా చెప్పాలి. "అమ్మేవాడు 20 డాలర్లని రాసిస్తానన్నాడు" అని సంబరపడకండి. తప్పు విలువ చూపిస్తే 1962 కస్టమ్స్ చట్టం ప్రకారం సరుకు జప్తు చేయొచ్చు, పెనాల్టీ వేయొచ్చు. పైగా దారిలో పార్శిల్ పోయిందనుకోండి, మీరు క్లెయిమ్ చేసుకోగలిగేది ఆ రాసిన 20 డాలర్ల లెక్కే. 200 డాలర్ల వస్తువుకి 20 డాలర్ల పూచీ!

ఇప్పుడు మన దగ్గర నుంచి వెళ్ళే పార్శిళ్ళు.

ఇక్కడ డబ్బు ఎక్కువగా పోయేది గాలికి. నిజంగానే గాలికి. కొరియర్ వాళ్ళు తూకం ఒక్కటే చూడరు, పెట్టె సైజు కూడా కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది 5,000తో భాగిస్తారు. వచ్చింది కేజీల లెక్క. తూకం, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఉదాహరణకి 40, 30, 25 సెంటీమీటర్ల అట్టపెట్టె. గుణిస్తే 30,000. భాగిస్తే 6 కేజీలు. లోపల రెండున్నర కేజీల కలంకారీ దుపట్టాలు ఉన్నా 6 కేజీల డబ్బు కట్టాలి. అవే దుపట్టాలు గట్టిగా మడిచి 35, 25, 10 పెట్టెలో సర్దితే సైజు లెక్క 1.75 కేజీలు. అప్పుడు అసలు తూకం రెండున్నర కేజీలకే కడతారు. సగానికి పైగా మిగిలింది కదా! షాపులో దొరికిన పెట్టెలో పడేయకుండా, సరుకుకి తగ్గ పెట్టె వెతుక్కోండి. ఖాళీలో పేపరు కుక్కడం కంటే పెట్టెని కోసి చిన్నది చేసుకోవడం మేలు.

తర్వాత, పేపరు మీద ఏం రాస్తున్నాం అన్నది. బందరు రోల్డ్ గోల్డ్ పంపేవాళ్ళు ఇది బాగా వినండి. డిక్లరేషన్‌లో ఊరికే "గోల్డ్ జ్యువెలరీ" అని రాస్తే అది నిజం బంగారం లెక్కలోకి వెళ్తుంది. ఆగిపోతుంది, ప్రశ్నలు వస్తాయి, తప్పు డ్యూటీ పడే ప్రమాదం కూడా ఉంది. "ఇమిటేషన్ జ్యువెలరీ" అని, కింద ఏ లోహమో, పైన పూత ఏంటో రాయండి. దాని హెచ్‌ఎస్ కోడ్ 7117తో మొదలవుతుంది. నిజం నగలది 7113. ఆ ఒక్క అంకె తేడా ఖరీదైన తేడా. అలాగే కలంకారీకి "బట్టలు" అని వదిలేయకుండా, కాటన్ చీరా, దుపట్టానా, దుప్పటా, అచ్చు అద్దకమా అని వివరంగా రాయండి.

అమెరికాకి పంపేవాళ్ళకి పెద్ద మార్పు 2025లో వచ్చింది. అంతకుముందు 800 డాలర్ల లోపు పార్శిల్‌కి అక్కడ డ్యూటీ ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు ఆపేశారు. ఆ గందరగోళంలో మన పోస్టల్ శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్ళు తీసుకోవడం ఆపి, అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడు మన దేశపు సరుకు మీద 50 శాతం డ్యూటీ, అదీ ఇక్కడే ముందుగా కట్టే పద్ధతి. ఆ రేటు స్థిరంగా ఉండేది కాదు, కాబట్టి పంపే రోజున కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. పెడనలో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఆడపిల్లకి ఇది చిన్న విషయం కాదు. పాత ధరకే ఆర్డర్ తీసుకుంటే లాభం మొత్తం డ్యూటీకి పోతుంది. ఆర్డర్ తీసుకునేముందే డ్యూటీ ఎవరిది, మీదా కొనేవాళ్ళదా అని మెసేజ్‌లో రాసుకోండి.

ఆ మార్పులో కూడా 100 డాలర్ల లోపు నిజమైన గిఫ్ట్‌లకి మినహాయింపు ఉంచారు. అమ్మ కూతురికి పంపే చీర గిఫ్ట్. డబ్బు తీసుకుని పంపే చీర గిఫ్ట్ కాదు. అది కలపొద్దు.

తినేవాటి సంగతి. ఇంట్లో చేసి, చేసినవాళ్ళే సొంతవాళ్ళకి గిఫ్ట్‌గా పంపే తిండికి అమెరికా ఎఫ్‌డీఏ ముందస్తు నోటీసు అడగదు. షాపులో కొన్న బందరు లడ్డుకి ఆ వెసులుబాటు వర్తించదు, కాబట్టి నోటీసు ఎవరు పెడతారో కొరియర్ వాళ్ళని ముందే అడగండి. చికెన్, మటన్ పచ్చళ్ళు మాత్రం పంపకండి. పట్టుకుంటే పారేస్తారు. కేజీకి కట్టిన కొరియర్ డబ్బు దాంతో పాటే చెత్తబుట్టలోకి. ఆవకాయ పంపేటప్పుడు గాజు సీసా వద్దు, బరువూ ఎక్కువ, పగిలే భయమూ ఎక్కువ. నూనె కారకుండా రెండు మూడు కవర్లలో సీల్ చేయించండి.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. "గుడివాడ నుంచి ఫలానా వాళ్ళబ్బాయి వెళ్తున్నాడంట, ఒక ప్యాకెట్ ఇచ్చేద్దాం" అని. కొరియర్ ఖర్చు లేదు, బాగానే ఉంటుంది. కానీ అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో సమాధానం చెప్పాల్సింది ఆ అబ్బాయి. తిండి వస్తువులన్నీ అతను డిక్లేర్ చేయాలి. ఇచ్చేవాళ్ళు అతని ముందే విప్పి చూపించి ఇవ్వండి. తీసుకెళ్ళేవాళ్ళు మొహమాటపడి సీల్ చేసిన ప్యాకెట్ పట్టుకోకండి.

వ్యాపారంగా పంపేవాళ్ళకి ఒక మాట. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఐఈసీకి ఫీజు 500 రూపాయలే. పోస్టల్ శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది. ఎగుమతి కాగితాలు ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్‌లో నింపి, పార్శిల్ కౌంటర్‌లో ఇవ్వొచ్చు. ఏజెంటుకి ఇచ్చే డబ్బు మిగులుతుంది. మీకు దగ్గరలో ఏ ఆఫీసులో ఉందో హెడ్ పోస్టాఫీసులో అడగండి.

చివరగా, అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయే చోటు. "మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ నంబరుకి యూపీఐ చేయండి" అని ఫోన్ వస్తుంది. లేకపోతే "మీ పేరుతో వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లో ఉండండి" అంటారు. పిల్లలు ఫారిన్‌లో ఉన్న అమ్మానాన్నలు దీనికే భయపడిపోతారు. కస్టమ్స్ వాళ్ళు ఎవరి సొంత ఖాతాకీ డబ్బు వేయమనరు. వాళ్ళు పంపే అధికారిక లేఖ మీద డిన్ అనే నంబరు ఉంటుంది, అది సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఈ ఒక్క విషయం ఇవాళే ఇంట్లో అమ్మకీ నాన్నకీ చెప్పండి. కొరియర్‌లో ఏడాదంతా మిగిల్చింది ఒక్క ఫోన్ కాల్‌లో పోకూడదు కదా.

పార్శిల్ బుక్ చేసేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది రావచ్చా, పోవచ్చా? డ్యూటీతో కలిపి చివరి ధర ఎంత? పెట్టెలో ఎంత గాలి ఉంది? కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాశామా? నాలుగిటికీ జవాబు దొరికాకే డబ్బు కట్టండి.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.