నూరేండ్ల వరద అనగా నేమి?

దేవనకొండ రైతును “మీ యూర వాన ఎంత పడును?” అని అడిగినచో ఆతడు సగటు చెప్పడు. ఏ యేట చెరువు తెగినదో, ఏ యేట పశువులను తెగనమ్ముకొన్నారో చెప్పును. ఆ చెప్పుటలో గొప్ప గణితమున్నది. పూర్వపు కర్నూలు జిల్లాకు సాలీనా సగటు వర్షపాతము సుమారు 670 మిల్లీమీటర్లు. పడమటి మండలములలో ఇంకను తక్కువ. అయితే చెరువు కట్టను తెంపునది ఈ సగటు వాన కాదు.

2009వ సంవత్సరమునే చూడుడు. ఆ యేడు దేశమున నైరుతి ఋతుపవనములు సాధారణముకంటె 22 శాతము లోటుపడెను. వానకై ఎదురుచూచిన ఈ సీమపై సెప్టెంబరు నెలాఖరున కుంభవృష్టి కురిసెను. దేవనకొండ చుట్టుపట్ల వంకల నీరు హంద్రిలో చేరును. హంద్రి కర్నూలువద్ద తుంగభద్రలో కలియును. అక్టోబరు 2వ తేదీన కర్నూలు నగరము, ఎగువన మంత్రాలయము నీట మునిగెను. శ్రీశైలము ఆనకట్టను సెకనుకు 19 లక్షల ఘనపుటడుగుల వరదకు రూపొందింపగా, 25 లక్షలకు పైగా వచ్చినదని ఇంజనీర్లు అంచనా కట్టిరి. ఆనకట్ట నిలిచినది. ఒకే యేట కరువును వరదయును. సగటు తీసినచో రెండును కనబడవు.

ఇట్టి అతిశయములను వేరుగా లెక్కించు శాస్త్రమొకటి ఉన్నది. అది నూలుపోగునుండి పుట్టినదన్న ఆదోని పత్తి వర్తకులకును, ఎమ్మిగనూరు నేతగాండ్రకును ముచ్చటగా నుండును. ఇంగ్లండులో పత్తి పరిశోధన సంస్థలో పనిచేసిన టిప్పెట్, పోగు బలము దాని సగటుపై గాక మిక్కిలి బలహీనమైన చోటుపై ఆధారపడునని గమనించెను. మగ్గమునెరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు! ఆయన, ఫిషర్ పండితుడు కలిసి 1928లో దీనికి గణితరూపమిచ్చిరి. హిట్లరు కాలమున జర్మనీకి దూరమైన గుంబెల్ ఆ సూత్రములను నదుల వరదలకు అన్వయించి, 1958లో పెద్ద గ్రంథము వెలువరించెను.

పద్ధతి కష్టమైనది కాదు. వర్షమాపకమున నమోదైన లెక్కలనుండి ప్రతి సంవత్సరము ఒక్కరోజున కురిసిన అత్యధిక వర్షమును మాత్రము తీసికొని, పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగా వ్రాయవలెను. 49 ఏండ్ల లెక్కలున్నచో మొదటిదానికి 50 ఏండ్లు, రెండవదానికి 25 ఏండ్లు పునరావృత్తి కాలమగును. ఆ బిందువులగుండ గీతను గీసి ముందుకు సాగించి, నూరేండ్ల వాన ఎంతయో అంచనా కట్టుదురు.

ఇచ్చటనే జనులు పొరబడుచున్నారు. నూరేండ్ల వరద ఒకసారి వచ్చినచో మరి నూరేండ్లు నిశ్చింత యనుకొందురు. పాచికకు వెనుకటి పందెము జ్ఞాపకముండదు. ఏ యేటికాయేడు నూటికి ఒక పాలు అవకాశమున్నదని మాత్రమే దీని అర్థము. ఒడ్డున ఇల్లు కట్టుకొని 30 ఏండ్లు కాపురమున్నవారికి అట్టి వరద కనీసమొకసారి వచ్చు అవకాశము నూటికి 26. నూరేండ్లలోనైనను అది 63 మాత్రమే.

గీతకు బలము లెక్కలే. కుండపోత కురిసిన రాత్రి మాపకము పొంగిపోయినను, మరునాటి ఉదయము ఎవరును పోయి చూడకున్నను, అన్నిటికంటె ముఖ్యమైన అంకెయే పోవును. ముప్పదియేండ్ల లెక్కలతో నూరేండ్ల మాట చెప్పుట సాహసమే. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని పట్టగలదు. తాతలనాటి లెక్క మనుమలకు యథాతథముగా చెల్లదు.

వాన లేని రోజులకును ఇదే గణితము పనికివచ్చును. ప్రతి యేట మిక్కిలి దీర్ఘమైన వానలేమిని ఎంచి, అదే విధముగా వరుసపెట్టవచ్చును. ధాత నామ సంవత్సరమున మొదలై 1876-78లో కర్నూలు, బళ్ళారి జిల్లాలను పీల్చివేసిన కరువును తలచుకొన్నచో ఈ శ్రమ వృథా కాదని తోచును. నాడు ఆదోని బళ్ళారి జిల్లాలోనిదే.

ఊరి వంకపై కల్వర్టు కట్టునప్పుడు గొట్టము ఎంత వెడల్పుండవలెనో నిర్ణయించునది ఈ గీతయే. 25 ఏండ్ల వరదకు కట్టినచో ఖర్చు తక్కువ, నూరేండ్లదానికి ఎక్కువ. ఇది ధనముతో ముడిపడిన నిర్ణయము గనుక ఇంజనీరొక్కనికే వదలరాదని మా అభిప్రాయము. ఇకమీదట మీ యూర వంతెన పని మొదలైనప్పుడు, ఇది ఎన్నియేండ్ల వరదకు కట్టుచున్నారు, ఎన్నియేండ్ల లెక్కలు చూచినారు అని గ్రామసభలో అడుగుడు.