కంప్యూటరునకు ఆఫీసు ప్రోగ్రాము ఎక్కనప్పుడు

నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినగనే మీలో కొందరు “ఇది పిల్లల వ్యవహారము, మాకేల?” అని అనుకొనవచ్చును. కాని భూమి కాగితముల నకళ్లు మొదలు పాలసంఘపు లెక్కలవరకు, పల్లెలోని వ్రాతకోతలలో పెక్కు ఇప్పుడు కంప్యూటరు మీదనే జరుగుచున్నవి. ఆ యంత్రమున ఉత్తరములు వ్రాయుటకును, లెక్కల పట్టీలు కట్టుటకును వాడు సాధనములన్నిటిని కలిపి ఆఫీసు ప్రోగ్రాము అందురు. దానిని యంత్రములో చేర్చుటను మన పిల్లలు ‘ఎక్కించుట’ అందురు. ఆ మాట నాకు నచ్చినది, దానినే వాడెదను. అది ఎక్కనన్నప్పుడు ఏమి చేయవలయును, ఏమి చేయరాదు అనునదే నా ప్రసంగము.

2024 వ సంవత్సరపు వేసవిలో మా గ్రామమున జరిగిన సంగతి మొదట చెప్పెదను. మాది కాలువ క్రింది ఊరు. ఎగువ రైతులకును చివరి భూముల రైతులకును నీటి వంతులనుగూర్చిన తగవు మా తాతలనాటి నుండి ఉన్నదే. విశ్రాంతులైన మా ప్రధానోపాధ్యాయులొకరు పదునెనిమిది సంవత్సరములు శ్రమించి, ఏ బోదె క్రింద ఎవరికెన్ని ఎకరములు కలవు, ఎవరి వంతు ఏనాడు ఏ వేళ వచ్చును, ఏ యేట పెద్దలు ఏమి ఒప్పుదల చేసికొనిరి అను వివరములన్నియు సేకరించి, తమ మనుమనిచే గ్రంథాలయపు కంప్యూటరులో పట్టీగా కట్టించిరి. ఆ వేసవిలో యంత్రపు డిస్కు చెడిపోయెను. పట్టీ నకలొకటి పెన్‌డ్రైవులో నుండుటచే అది మాత్రము దక్కెను. పట్టణములోని ఒక దుకాణమువారు క్రొత్త డిస్కు వేసి, విండోసు ఎక్కించి, యంత్రమును తిరిగి పంపిరి.

తొలకరికి ముందు వంతులు తేల్చుటకై సోమవారమునాడు సభ కూడవలసి యున్నది. పట్టీని అచ్చువేసి సభలో పెట్టినగాని చివరి రైతుల మాట నిలువదు. ఫోనులో చూపవచ్చునుగదా యని మీరడుగవచ్చును. మూడువందల వరుసల పట్టీని అరచేతిలోని అద్దములో చూపి డెబ్బదియేండ్ల వారిచే ఒప్పించుట ఎట్టి పనియో మీకు తెలియనిది కాదు. శుక్రవారమునాడు మనుమడు ఆఫీసు ప్రోగ్రామును ఎక్కింప కూర్చుండెను. రుసుము చెల్లించి న్యాయముగా కొన్నదే. అయినను ఎక్కలేదు. పదిమారులు ప్రయత్నించెను, పదిమారులును “ఏదియో పొరపాటు జరిగినది” అను మాటయే తెరపై కనబడెను. దుకాణమువారికి ఫోను చేయగా, లోపలి పెద్ద పలక పోయినదనియు, క్రొత్త యంత్రము కొనుటయే గతియనియు, 38 వేల రూపాయలగుననియు చెప్పిరి. గ్రంథాలయపు పెట్టెలోనున్న ధనము కారుచున్న కప్పు బాగుచేయించుటకై ఇంటింట తిరిగి చందాలెత్తినది. దానిని తీయుదమని కొందరు, వలదని కొందరు. పట్టీ లేకున్న పాత వాడుకయే సాగును గదా యని లోలోపల సంతసించినవారును లేకపోలేదు. శనివారము సాయంకాలము నాకు కబురు వచ్చెను.

నేనేమి చేసితినో చెప్పుటకు ముందు, ఎక్కించుట యనగా నేమో కొంచెము వివరింపవలెను. బావికి మోటారు పెట్టుట మీరెరుగుదురు. దుకాణమునుండి మోటారు తెచ్చి గట్టున పెట్టినంతనే నీరు రాదు. దిమ్మ కట్టవలెను, గొట్టము దింపవలెను, ఫుట్‌వాల్వు బిగింపవలెను, స్టార్టరు పెట్టి కరెంటు ఇయ్యవలెను. వీనిలో ఏ యొక్కటి కుదరకున్నను నీరు పైకి రాదు; తప్పు మోటారుదని మాత్రము అనరాదు. ఆఫీసు ప్రోగ్రాము కూడ ఒక్క ఫైలు కాదు. అది వేలకొలది చిన్న ఫైళ్లు. వానినన్నిటిని తగిన చోట్ల ఉంచి, విండోసువారి చిట్టాలో వాని పేర్లు వ్రాయించి, అచ్చు యంత్రముతో పరిచయము చేయించు మేస్త్రీ వంటి ఫైలు ఒకటి కలదు. దానినే ఇన్‌స్టాలరు అందురు. ఇంటి యజమాని అనుమతి లేనిదే మేస్త్రీ గోడ త్రవ్వరాదు. అట్లే యంత్రపు పెత్తందారు అనుమతి లేనిదే ఇన్‌స్టాలరు పని సాగదు.

ఈ మేస్త్రీలు రెండు తెగలవారు. ఒకడు సామానంతయు బండిమీద వేసికొని వచ్చును. లిబ్రేఆఫీసు అను ఉచిత ప్రోగ్రాము ఇట్టిది. సుమారు 350 మెగాబైట్ల ఫైలు ఒక్కమారు తెచ్చుకొన్నచో ఇంటర్నెట్టు లేని ఊర కూడ ఎక్కించుకొనవచ్చును. రెండవవాడు ఒట్టి చేతులతో వచ్చి, పని మొదలిడిన పిమ్మట సామానంతయు ఇంటర్నెట్టు దారిని తెప్పించుకొనును. మైక్రోసాఫ్టు ఆఫీసు సాధారణముగా ఈ విధముననే ఎక్కును. వచ్చిన ఫైలు చిన్నది; తరువాత అది లాగుకొను సరకు మాత్రము గిగాబైట్లలో నుండును. మధ్యలో దారి తెగినచో పని నిలిచిపోవును. మనుమడు మిత్రునియింటి నుండి పెన్‌డ్రైవులో తెచ్చినది ఈ రెండవ తెగ ఫైలు.

ఇక నా పరీక్ష. మొదట చోటు చూచితిని. మైక్రోసాఫ్టువారు తమ ఆఫీసునకు డిస్కులో 4 గిగాబైట్ల ఖాళీ ఉండవలెనందురు. మా క్రొత్త డిస్కులో అంతకు పదులరెట్లున్నది. పిమ్మట యంత్రపు తరగతి చూచితిని. కంప్యూటర్లలో 32 బిట్లవి, 64 బిట్లవి అని రెండు తరగతులు కలవు. 64 బిట్ల విండోసుపై 32 బిట్ల ప్రోగ్రాము నడచును గాని, 32 బిట్ల విండోసుపై 64 బిట్లది నడువదు. అదిగాక, మైక్రోసాఫ్టు ఆఫీసులో ఒక తరగతిది ముందే ఉన్నచో రెండవ తరగతిదానిని సామాన్యముగా అది చేరనీయదు. దుకాణమువారు పరీక్షార్థమో ఏమో 32 బిట్ల ప్రతి నొకదానిని సగము ఎక్కించి విడిచినట్లు జాడ కనబడెను. దొరికినది దొంగ యనుకొని దానిని తీసివేసితిని. పాతదానిని తీసివేసిన పిమ్మట యంత్రమును రీస్టార్టు చేయవలెను. ఇచట ఒక సంగతి. విండోసు 10 లోను, 11 లోను షట్‌డౌన్ వేరు, రీస్టార్టు వేరు. షట్‌డౌన్ చేసినను, త్వరగా లేచుటకై యంత్రము తన స్మృతిలో కొంత భాగమును దాచుకొని పడుకొనును. మరల లేచినప్పుడు పాత తికమక అట్లే యుండవచ్చును. రీస్టార్టు చేసినచో ఆ మూట విప్పి మొదటినుండి ఆరంభించును. “ఆర్పి వెలిగించితిమండీ” అను మాట విని తృప్తి పడరాదు.

రీస్టార్టు చేసితిని. మరల ఎక్కించితిని. మరల అదే మాట.

తెరపై వచ్చు అంకెలనుగూర్చి కూడ ఒకమాట చెప్పవలసి యున్నది. మనవారు ఆంగ్లములో ఏదో వచ్చినదని చెప్పి, తెర మూసివేయుదురు. ఆ అంకెను కాగితముపై వ్రాసికొనుడు. 1618 అనునది వచ్చినచో మరియొక ఎక్కింపు అప్పటికే జరుగుచున్నదని అర్థము. అది ముగియువరకు ఆగుటయో, రీస్టార్టు చేయుటయో చాలును. 1603 వచ్చినచో మాత్రము, “జ్వరము వచ్చినది” అని వైద్యుడు చెప్పినట్లు. పని చెడినదని చెప్పును గాని ఎందువలననో చెప్పదు. సగము పైగా పని సాగి, తొంబది పాళ్ల దగ్గర గంటలకొలది నిలిచినచో, విండోసు తన స్వంత నవీకరణములను వెనుక చేసికొనుచున్నదేమో చూడవలెను. కాదేని అచ్చు యంత్రపు పనులను వరుసబెట్టు స్పూలరు అనుదానిని తాత్కాలికముగా ఆపి చూడవలెను. దిగుమతి మధ్యలో తెగి ఫైలు కుంటిదైనను ఎక్కదు; అట్టిదానిని పారవేసి, తయారుచేసినవారి స్వంత స్థానమునుండి మరల తెచ్చుకొనుటయే మేలు.

రాత్రి తొమ్మిదిగంటలైనది. ఇంటర్నెట్టు దోషమేమోనని మనుమని ఫోను చూచితిని. అందులో అన్నియు చక్కగా తెరుచుకొనుచున్నవి. ఆ ఫోను ఇంటర్నెట్టునే కంప్యూటరునకిచ్చి చూడగా ఏ పుటయు తెరువబడదు; భద్రత లేదని హెచ్చరిక మాత్రము వచ్చుచున్నది. ఇదే నాకు వెలుగు చూపవలసిన గుర్తు. కాని చదువుకొన్నవాడనను గర్వము కన్నులు కప్పును గాబోలు. నేను ఇంకను తీగెలను పీకుచుంటిని. మాస్టరుగారు వెనుక కుర్చీలో కూర్చుండి కళ్లజోడు సవరించుకొని తెరవైపు చూచి, “ఏమోయీ, ఈ పెట్టెకు తిథివారములు తెలియవా యేమి? మూలన 2012 జనవరి అని యున్నదే!” అనిరి. నేనును మనుమడును ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. రెండు దినములుగా అది మా ఎదుటనే యున్నది.

తేదీ తప్పినంత మాత్రమున ప్రోగ్రాము ఏల ఎక్కదని మీకు సందేహము కలుగును. ఇంటర్నెట్టులో ప్రతి పెద్ద స్థానమును తాను ఫలానా యని నిరూపించుకొనుటకు ముద్రవేసిన ధ్రువపత్రము నొకదానిని చూపవలెను. ఆ పత్రముపై ఏనాటినుండి ఏనాటివరకు చెల్లునో వ్రాసియుండును. మీ చేతికొకడు వచ్చే సంవత్సరపు తేదీ గల దస్తావేజు తెచ్చి యిచ్చినచో మీరు నమ్ముదురా? అట్లే, తాను 2012 లో నున్నానని తలచు యంత్రమునకు 2024 లో పుట్టిన పత్రము చూపగా, ఇది కల్పితమని త్రోసివేసినది. త్రోసివేయుట యంత్రపు తప్పు కాదు. అది తన విధిని తాను చేసినది. దారి మూసికొనుటచే మేస్త్రీకి సామాను అందలేదు. పని చెడినది.

గడియారమేల తప్పినది? పెక్కు కంప్యూటర్ల పలకలపైన రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేనప్పుడు కూడ గడియారమును నడిపించునది అదియే. సాధారణముగా దానిని సీఆర్ 2032 అందురు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము అని కొలతలు పేరులోనే యున్నవి. మూడు వోల్టుల శక్తి. సంవత్సరములు గడచిన కొలది అది నీరసించును. దుకాణమునుండి తెచ్చునప్పుడు యంత్రము కరెంటు లేక రెండుమూడు దినములుండెను. ముసలి బ్యాటరీ చేతులెత్తివేసెను. గడియారము తన పుట్టిననాటి తేదీకి మరలెను. విండోసు ఇంటర్నెట్టునుండి కాలము దిద్దుకొనును గాని, తేడా గంటలు దాటి సంవత్సరములైనచో తానుగా దిద్దుకొనకపోవచ్చును. మనము చేతితో దిద్దవలెను.

దిద్దితిమి. రాత్రి పదియున్నరకు ఎక్కుట ఆరంభమై, మా పల్లె ఇంటర్నెట్టు వేగమునకు తగినట్లు, తెల్లవారుజామున ముగిసెను. పట్టీ తెరచుకొన్నది. మరునాడు అక్షరములలో ఒక చిక్కు వచ్చెను: పట్టీ చక్కగానున్నను, మాస్టరుగారు ఏనాడో వేరొకచోట టైపు చేయించిన పీఠిక మాత్రము పిచ్చివ్రాతవలె కనబడెను. ఇది ఎక్కింపు దోషము కాదు. 2001 లో వచ్చిన విండోసు ఎక్స్‌పీ తోడనే గౌతమి యను తెలుగు లిపి లభించినను, చాలకాలము మన అచ్చుపనివారు తమ తమ ప్రత్యేకపు లిపులనే వాడిరి. ఆ లిపి లేని యంత్రమున ఆ వ్రాత చదువబడదు. పీఠిక లేకుండగనే పట్టీని అచ్చువేసితిమి.

ఇక చేయరానివి. రుసుము లేకుండ దొంగ ప్రతులు ఎక్కించెదమని చెప్పువారిని నమ్మకుడు. అట్టివారు మొదట చేయుమనునది యంత్రపు కావలివానిని, అనగా వైరస్సులను అడ్డు ప్రోగ్రామును, ఆపుమనుట. కావలివానిని పంపివేసి తలుపు తెరువుమను అతిథి ఎట్టివాడో మీకు చెప్పనక్కరలేదు. “మీ కంప్యూటరు చెడినదని మాకు తెలిసినది, బాగుచేసెదము” అని తమంతట తామే ఫోను చేయువారు మోసగాండ్రు. యంత్రమును దూరమునుండి వారి చేతికీయుటయు, ఫోనునకు వచ్చిన ఓటీపీ చెప్పుటయు బ్యాంకులోని సొమ్ము అప్పగించుటయే. ఎంతటి సంస్థవారైనను అట్లు పిలువని ఫోను చేసి బాగుచేయరు.

రుసుము భారమనుకొన్నవారికి లిబ్రేఆఫీసు కలదంటిని. జర్మనీ దేశమున 1985 లో ఒక యువకుడు వ్యాపారమునకై ఆరంభించిన ప్రోగ్రాము చేతులు మారి, 2000 లో దాని మూలగ్రంథము లోకమునకు వెల్లడియై, 2010 లో ఈ పేర స్వతంత్రముగా వెలసినది. తెలుగు మాటలతోనే దానిని నడుపవచ్చును. అయితే 2025 ఆగస్టులో వచ్చిన దాని 25.8 వ సంచిక విండోసు 7 పైనను, 8 పైనను ఎక్కదు. మీ ఊరి పాత యంత్రమున క్రొత్త సంచిక ఎక్కకున్నచో మొదట ఈ సంగతి చూడవలెను. విండోసు 10 నకు సైతము 2025 అక్టోబరు 14 తో మామూలు పోషణము ముగిసినది.

సోమవారమునాటి సభలో పట్టీ చదువబడెను. తగవు పూర్తిగా తీరలేదు; రెండు బోదెల వంతులు మాత్రము వ్రాతమూలకముగా ఒప్పుకొనిరి. గ్రంథాలయపు పెట్టెలోనుండి ఆ నెల తీసినది, క్రొత్త బ్యాటరీకై వందలోపు రూపాయలు, కప్పునకై తక్కినది. మాస్టరుగారు ఇప్పటికిని యంత్రము తెరచిన వెంటనే ముందు మూలనున్న తేదీ చూచి, పిమ్మట గోడమీది క్యాలెండరు చూచి, అటుపిమ్మటనే మనుమని కూర్చుండనిత్తురు.